ఎవరూ ఫెయిల్ కాని పరీక్ష: అనంతపురంలో తైక్వాండో బెల్ట్ టెస్ట్ సంగతి

అనంతపురంలో పిల్లల్ని తైక్వాండోలో, అంటే కాళ్ళూ చేతులూ వాడే కొరియా యుద్ధవిద్యలో, వేసిన ఇళ్ళల్లో రెండో బెల్టో మూడో బెల్టో వచ్చేసరికి ఒక ప్రశ్న కచ్చితంగా లేస్తుంది. అందరూ పాసయ్యేదానికి ఇంగ టెస్ట్ ఏంటికి, దానికి మళ్ళీ వేరే ఫీజు ఏంటికి అని. న్యాయమైన ప్రశ్నే. నలభై మంది పిల్లలు లైన్లో నిలబడితే సాయంత్రానికి దాదాపు నలభై నడుములకీ కొత్త రంగు వచ్చేసి ఉంటుంది, మహా అయితే ఒకరిద్దర్ని వచ్చే నెల చూద్దాంలే అని పక్కన పెడతారు. స్కూల్లో యూనిట్ టెస్టులు కూడా ఇంత ఉదారంగా ఉండవు. మరి అంత సులువైన పరీక్షకి ముందురోజు రాత్రి పిల్లోడు సంగటి సగం వదిలేసి, హాల్లో టీపాయ్ పక్కకి జరిపించి, పదకొండింటి దాకా కాళ్ళు విసురుతూ ఎందుకుంటాడు?

అసలు వడపోత టెస్ట్ రోజు జరగదు. దానికి రెండు మూడు వారాల ముందే అయిపోతుంది. మాస్టర్ ఎవరి పేరు లిస్టులో రాస్తాడో, ఎవరికి "నువ్వు ఈసారి వద్దులే నాయనా" అంటాడో, అదీ నిజమైన పాస్ ఫెయిల్. వాట్సాప్ గ్రూపులో పేర్ల లిస్టు పడ్డప్పుడు తన పేరు లేని పిల్లోడి మొహం చూస్తే తెలుస్తుంది అది ఎంత పెద్ద ఫెయిలో. కాకపోతే పెద్దోళ్ళు ఆ భాగం చూడరు, వాళ్ళకి కనపడేది షామియానా కింద కుర్చీలు, టేబుల్ మీద మడతపెట్టి పేర్చిన బెల్టులు, ఫోటోలు. అంటే మాస్టర్ లోపల ఎప్పుడో ఇచ్చేసిన తీర్పుని ఆరోజు అందరి ముందు నిలబెట్టి చూపిస్తారు, అంతే. అరంగేట్రం లాంటిది అనుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది, అరంగేట్రంలో ఎవరైనా ఫెయిలయ్యారని ఎప్పుడైనా విన్నామా, అయినా ఆ అమ్మాయి చేతులు వణుకుతాయి కదా.

రంగుల లెక్క ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. తైక్వాండోలో బ్లాక్ బెల్ట్ కింద ఉండే మెట్లని గుప్ అంటారు, పదో గుప్‌తో మొదలై ఒకటో గుప్ దాకా వెనక్కి లెక్క, రాకెట్ ఎగరేసేముందు అంకెలు తగ్గినట్టు. ఒకటి అయ్యాక డాన్, అంటే బ్లాక్ బెల్ట్ మెట్లు మొదలు, అక్కడినుంచి లెక్క మళ్ళీ ముందుకి. తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అనేది అసలు వరస, మధ్యలో మెట్లు సరిపోవడానికి మన దగ్గర గ్రీన్ వన్, బ్లూ వన్, రెడ్ వన్ అని ఇంకో పట్టీ తగిలిస్తారు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి డాన్ ఇవ్వరు, పూమ్ ఇస్తారు, ఆ బెల్ట్ పొడుగునా సగం ఎరుపు సగం నలుపు ఉంటుంది, డ్రెస్ కాలర్ కూడా అట్లనే రెండు రంగుల్లో. పదమూడేళ్ళ పాప బ్లాక్ బెల్ట్ సాధించింది అని పేపర్లో జిల్లా ఎడిషన్‌లో ఫోటో వస్తే చాలాసార్లు అది పూమే, రాసినవాళ్ళకి తేడా తెలియక అట్లా రాసుంటారు, పాప తప్పేం లేదు.

ఈ బెల్టులు కొరియావాళ్ళు కనిపెట్టినవి కూడా కాదు. జపాన్‌లో జూడో మొదలుపెట్టిన కానో జిగోరో 1880ల్లో ముందుకెళ్ళిన శిష్యుల్ని వేరుగా గుర్తించడానికి నల్ల పట్టీ వాడాడు, ఆ తర్వాత రంగురంగుల బెల్టుల్ని 1930ల్లో ప్యారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి బాగా వ్యాప్తి చేశాడు, యూరప్ జనానికి ఏళ్ళ తరబడి తెల్ల బెల్ట్‌తోనే ఉండే ఓపిక ఉండదని. కొరియా 1910 నుంచి 1945 దాకా జపాన్ చేతిలో ఉంది, ఆ కాలంలో జపాన్ పోయి కరాటే నేర్చుకుని వచ్చినవాళ్ళే తర్వాత సియోల్‌లో స్కూళ్ళు పెట్టారు, తెల్ల డ్రెస్సూ బెల్టూ అట్లా వచ్చాయి. తైక్వాండో అనే పేరు పెట్టింది 1955లో, తే అంటే కాలు, క్వాన్ అంటే పిడికిలి, డో అంటే దారి. తెల్ల బెల్ట్ ఏళ్ళ తరబడి ఉతక్కుండా మాసిపోయి నల్లగా అయితే అదే బ్లాక్ బెల్ట్ అనే కథ ప్రతి క్లాసులో ఎవడో ఒకడు చెప్తాడు, వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. అనంతపురం ఎర్ర దుమ్ములో అయితే ఆ లెక్కన అందరికీ రెండు నెలల్లో రెడ్ బెల్ట్ రావాలి.

టెస్ట్ రోజు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఎండాకాలం అయితే పొద్దున ఆరింటికే మొదలుపెట్టేస్తారు, ఎనిమిదిన్నర దాటితే మిద్దె మీద సిమెంటు నేల పాదం పెట్టనివ్వదు, మ్యాట్లు కూడా కాలిపోతాయి. (వాన వల్ల టెస్ట్ వాయిదా అనే మాట మాత్రం ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటడమే కష్టమైన ఈ ఊర్లో అరుదు.) పిల్లలు బెల్ట్ వరసలో కూర్చుంటారు, ముందు పెద్ద బెల్టులు, వెనక తెల్లవి. పేరు పిలిస్తే "యెస్ సార్" అని అరిచి లేవాలి, చాలామంది చిన్నపిల్లలకి మొదటి మార్కు ఇక్కడే పోతుంది, గొంతు రాదు.

తర్వాత పూమ్సే, అంటే ఊహించుకున్న శత్రువుతో వరసపెట్టి చేసే కదలికలు. తెల్ల బెల్ట్ నుంచి పైకి పోయేవాళ్ళు ముందు నేర్చుకునేది తేగుక్ ఇల్‌జాంగ్, పద్దెనిమిది కదలికలు. ఎడమకి తిరిగి కింద అడ్డం, కుడికాలు ముందుకేసి గుద్దు, వెనక్కి పూర్తిగా తిరిగి మళ్ళీ కింద అడ్డం, మళ్ళీ అడుగేసి గుద్దు, అట్లా పోయి పోయి మొదలుపెట్టిన చోటికే వచ్చి చివరి గుద్దుకి గట్టిగా "హ్యా" అని కిహాప్ వెయ్యాలి. చూసేవాళ్ళకి ఇది ఏదో డాన్సు లాగా అనిపిస్తుంది గానీ టెస్టర్ చూసేది మొట్టమొదట పాదాలు. ఎనిమిదేళ్ళ పిల్లోడు, అడుగులన్నీ వరసగా వేశాడు, చేతులు కూడా సరిగ్గానే ఉన్నాయి, చివర్లో ఆగేసరికి మొదలుపెట్టిన మ్యాట్ గడికి ఒక గడి ఎడమగా ఉన్నాడు. టెస్టర్ ఏం అనలేదు, పెన్నుతో ఆ గడి వైపు చూపించాడు. పిల్లోడు కిందకి చూసి, పక్క గడి చూసి, మెల్లగా అటు జరిగి నిలబడ్డాడు. వెనకాల తల్లి నవ్వింది, వాడు మాత్రం నవ్వలేదు, ఎక్కడో ఒక అడుగు పొట్టిగా పడిందని వాడికి అప్పటికే అర్థమైపోయింది. నేలే పేపర్ దిద్దేస్తుంది అన్నమాట, అందుకే పూమ్సేలో కాపీ కొట్టడం కుదరదు, పక్కోణ్ణి చూసి చేసినా సొంత అడుగు కొలత బయటపడిపోతుంది.

ఈ తేగుక్‌లు మొత్తం ఎనిమిది, ఒక్కోదానికీ ఒక్కో ప్రకృతి తత్వం. మొదటిది ఆకాశం, రెండోది సరస్సు, మూడోది నిప్పు, నాలుగు ఉరుము, ఐదు గాలి, ఆరు నీళ్ళు, ఏడు కొండ, ఎనిమిదోది భూమి. దక్షిణ కొరియా జెండా మధ్యలో ఉండే ఎరుపు నీలం గుండ్రం పేరు కూడా తేగుక్కే, దాని చుట్టూ మూలల్లో ఉండే గీతల్లో ఈ ఎనిమిదింటిలో నాలుగు ఉన్నాయి. పిల్లలు "టేగుక్" అంటారు, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి వచ్చిన ఉచ్చారణ అది. అట్లనే నమస్కారం చెయ్యమనే ఆర్డర్ ఇక్కడ అన్ని క్లాసుల్లో "క్యుంగ్‌రే", కొరియాలో దాన్ని "క్యంగ్‌న్యే" లాగా పలుకుతారు, రాసేది ఒకటి పలికేది ఒకటి, మనం రాతనే పట్టుకున్నాం.

అంకెల దగ్గర ఇంకో తమాషా ఉంది. తన్నులు లెక్కపెట్టేటప్పుడు హనా, దుల్, సెత్, నెత్ అంటారు, పూమ్సే పేర్లలో మాత్రం ఇల్, ఈ, సామ్, సా. రెండూ ఒకటి రెండు మూడు నాలుగే. పిల్లలు ఏళ్ళ తరబడి వాడుతూనే ఉంటారు, ఎందుకు రెండు రకాలు అని ఎవరూ అడగరు. ఒకటి కొరియన్ల సొంత లెక్క, రెండోది చైనా నుంచి వచ్చిన లెక్క. మనం ఒకటి రెండు అని లెక్కపెట్టి, తిథి చెప్పాల్సి వస్తే పాడ్యమి విదియ తదియ అన్నట్టే, ఇంటి మాట ఒకటి, పంచాంగం మాట ఒకటి. ఇట్లా చెప్తే అనంతపురం పిల్లోడికి ఒక్క నిమిషంలో ఎక్కుతుంది, చెప్పే మాస్టర్లే తక్కువ.

పూమ్సే అయ్యాక కిక్స్, తర్వాత ఛాతీకి గార్డు కట్టుకుని ఇద్దరిద్దరు ఎదురెదురుగా ఆడే స్పారింగ్, పెద్ద బెల్టులకి చెక్క పగలగొట్టడం. ఈ బ్రేకింగ్ దగ్గర జనం ఫోన్లు పైకి లేస్తాయి, నిజానికి టెస్ట్ మొత్తంలో అన్నిటికన్నా తక్కువ చెప్పే ఐటెం అదే. చెక్క తీరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే, పొడుగునా ఉండే నార దిశలో దెబ్బ పడితే చీలిపోతుంది, పట్టుకునేవాళ్ళు చేతులు వదులు చేస్తే మాత్రం ఎంత తన్నినా పగలదు. ఒకసారి ఒక తండ్రి అంగట్లో మిగిలిన ప్లైవుడ్ ముక్క కోయించి తెచ్చిచ్చాడు, చెక్క చెక్కే కదా అని. ప్లైవుడ్‌లో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా అంటిస్తారు, నార ఒక దిశలో ఉండదు, రెడ్ బెల్ట్ అమ్మాయి మూడుసార్లు తన్నింది, మడమ కందిపోయింది, ముక్క వంగింది తప్ప విరగలేదు. చివరికి మాస్టర్ ఆ ముక్క తీసి పక్కన పడేసి మామూలు పలక ఇస్తే మొదటి తన్నుకే టప్పుమంది. పాస్ చేసింది మాత్రం ఆ మూడు తన్నులకే అని తర్వాత సీనియర్లు చెప్పుకున్నారు. ట్యూబ్‌లైట్లు పగలగొట్టడం, పెంకులకి నిప్పంటించడం లాంటివి ఆగస్టు పదిహేను డెమోలకి పనికొస్తాయేమో గానీ టెస్ట్‌లో వాటికి చోటు ఉండకూడదు, గాజు పొడి కంట్లో పడితే ఏ బెల్టూ కాపాడదు. తాడిపత్రి బండ పగలగొడతా అన్నవాణ్ణి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఇదంతా చూశాక మొదటి ప్రశ్నకి తిరిగొస్తే, టెస్ట్ వల్ల మాస్టర్‌కి కొత్తగా తెలిసేది పెద్దగా ఏం లేదు. తెలిసేది మిగతావాళ్ళకి. ఫలానావాడు గ్రీన్ అని క్లాసు మొత్తం కళ్ళారా చూస్తుంది, రేపటినుంచి వాణ్ణి ఆ లెక్కనే చూస్తుంది. వైట్ బెల్టులకి వార్మప్ చేయించమంటే వాడు చెయ్యాలి, ప్యాడ్ పట్టుకోవాలి, కొత్తగా చేరిన పిల్లకి బెల్ట్ ముడి నేర్పాలి (రెండు కొసలు సమానంగా రావాలి, అది రావడానికే ఒక వారం). అంటే బెల్ట్ మారితే చేసే పని మారుతుంది. కొరియన్ క్లాసుల బతుకంతా ఈ సీనియర్ జూనియర్ అల్లిక మీదే నడుస్తుంది, ఒక్క మాస్టర్ అరవై మందికి నేర్పలేడు, నేర్పేది బ్లూ బెల్టులే, మాస్టర్ దిద్దుతాడు.

ఈ అల్లిక మన ఊరి వరసల్తో ఢీకొట్టినప్పుడు భలే ఉంటుంది. నలభై దాటిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన బీపీ వచ్చిందని క్లాసులో చేరతాడు, వైట్ బెల్ట్. పన్నెండేళ్ళ బ్లూ బెల్ట్ పాప ఆయన ముందు నిలబడి "చార్యొత్" అంటే ఆయన నిటారుగా నిలబడాలి, "క్యుంగ్‌రే" అంటే ఇద్దరూ ఒకరికొకరు వంగాలి. క్లాసు అయ్యేదాకా పాపే సీనియర్. గంట కొట్టగానే "అంకుల్, మీ మోకాలు ఇంకా పైకి లేవాల" అని భయం భయంగా చెప్తుంది, ఆయన "సరేమ్మా" అంటాడు. ఆర్డర్లు కొరియన్ భాషలో ఉండటం వల్ల ఇది సాధ్యమైంది అనిపిస్తుంది, తెలుగులో అయితే ఆ పాప ఆయన్ని నిలబడు అనాలా నిలబడండి అనాలా అనే దగ్గరే ఆగిపోయేది. మాస్టర్‌ని కొరియాలో సబమ్‌నిమ్ అంటారు, ఇక్కడ ఎవరూ అనరు, సార్, మాస్టర్, మరీ పాత శిష్యులైతే అన్నా. సీనియర్ అమ్మాయిలు అక్క. ఇంటర్ చదివే అక్క ఒకామె క్లాసులో ఉందంటే ఏడో క్లాసు దాటిన ఆడపిల్లల్ని మాన్పించే ఇళ్ళల్లో సగం మంది ఆగి ఆలోచిస్తారు, "అక్క వస్తాండాది కదా, నీకేమి" అని. ఏ సర్టిఫికెట్టూ చెయ్యలేని పని అది.

క్లాసు బయట కూడా ఈ సంబంధాలు నడుస్తూనే ఉంటాయి. పెరిగే పిల్లలకి డ్రెస్ ఏడాదికే పొట్టి అవుతుంది, అది తమ్ముడి వయసువాడికి పోతుంది, కాలర్ లోపల బాల్‌పెన్నుతో రాసిన పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తారు, కొన్ని డ్రెస్సుల మీద మూడు పేర్లుంటాయి. టోర్నమెంట్ గుంటూరులోనో విజయవాడలోనో పడితే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, ఒకరింటి చిత్రాన్నం ఇంకొకరింటి ఓళిగలు డబ్బాలు మారతాయి, బరువు ఎక్కువున్న పిల్లోడు మాత్రం పోటీకి ముందు తూకం అయ్యేదాకా ఏమీ తినకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. టెస్ట్ అయిన ఆదివారం ఉగ్గాని బజ్జి బండి దగ్గర కొత్త బెల్ట్ విప్పకుండానే నిలబడి తింటారు, నూనె మరక పడితే పడనీ.

ఇంక డబ్బుల సంగతి, దీన్ని దాటేసి వెళ్ళకూడదు. నెల ఫీజు వేరు, టెస్ట్ ఫీజు వేరు, అందులో బెల్టు, సర్టిఫికెట్, బయటినుంచి వచ్చే టెస్టర్ ఖర్చు కలిపి ఉంటాయి. లిస్టులో పేరు పడటానికి సాధన కొలమానం అయినంతకాలం ఆ ఫీజుకి అర్థం ఉంది, డబ్బు కట్టినోళ్ళందరి పేరూ పడుతోంది అంటే మాత్రం అది బెల్టుల అంగడి. గుర్తుపట్టడం కష్టమేం కాదు, ఆ క్లాసులో ఎప్పుడైనా ఎవరినైనా ఆపారా అని పాత పిల్లల్ని అడిగితే చాలు.

సర్టిఫికెట్ విషయంలో ఇంకా ఎక్కువ గందరగోళం. గుప్ సర్టిఫికెట్లు క్లాసో, జిల్లా సంఘమో, రాష్ట్ర సంఘమో ఇచ్చుకునేవి, వాటి విలువ ఇచ్చినవాళ్ళ పేరంత. డాన్, పూమ్ దగ్గరికి వచ్చేసరికి వరల్డ్ తైక్వాండో అనే అంతర్జాతీయ సంఘం దారిలో ఉన్నవాళ్ళకి కుక్కివాన్ సర్టిఫికెట్ ముఖ్యం. కుక్కివాన్ అంటే సియోల్‌లో గంగ్నమ్ దగ్గర 1972లో కట్టిన కేంద్రం, అక్కడినుంచి నంబరుతో వస్తుంది, నంబరు కొట్టి చెక్ చేసుకోవచ్చు. ఒకటో డాన్ నుంచి రెండోదానికి ఏడాది, రెండు నుంచి మూడుకి రెండేళ్ళు, మూడు నుంచి నాలుగుకి మూడేళ్ళు ఆగాలి, అట్లా పోయేకొద్దీ పెరుగుతుంది, కాబట్టి ఇరవై ఏళ్ళ కుర్రాడు కుక్కివాన్ ఆరో డాన్ అని ఫ్లెక్సీ వేయించుకుంటే లెక్క మనమే వేసుకోవచ్చు. 1966లో మొదలైన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) అని ఇంకో దారి ఉంది, వాళ్ళ పూమ్సేలు వేరు, సర్టిఫికెట్లు వేరు, ఒకదాంట్లో బ్లాక్ అయినవాళ్ళు ఇంకోదాంట్లో నేరుగా బ్లాక్ అయిపోరు. మన దేశంలో సంఘాల గుర్తింపు గొడవలు కోర్టుల దాకా పోయాయి, ఏ సంఘం చెల్లుతుందో చేరేముందే కనుక్కోవడం మంచిది.

అన్నిటికన్నా పెద్ద అపోహ స్పోర్ట్స్ కోటా. 2024లో రాష్ట్రం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతం చేసినప్పటినుంచి బ్లాక్ బెల్ట్ ఉంటే ఉద్యోగం అనే మాట గట్టిగా తిరుగుతోంది. కోటాకి కావాల్సింది గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన, గెలిచిన కాగితాలు. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19లో తైక్వాండో ఉంది, ఆ దారిలో పోవాలి. బెల్ట్ ఎంత నల్లగా ఉన్నా అది ఆ ఫైల్లో ఒక్క లైను కూడా కాదు. బెల్ట్ దారీ మెడల్ దారీ రెండూ వేరని చేరినరోజే చెప్పేస్తే సగం గొడవలు ఉండవు.

కొరియాలో ఇది ఎట్లా ఉంటుందో కూడా తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే అక్కడ ఏదో కఠోర తపస్సు, ఇక్కడే అంతా సులువు చేసేశారు అనుకునేవాళ్ళు ఎక్కువ. అక్కడ తైక్వాండో క్లాసు చిన్నపిల్లలకి స్కూల్ అయ్యాక అమ్మానాన్నలు వచ్చేదాకా ఉండే చోటు లాంటిది, వ్యానులో ఎక్కించుకుని వస్తారు, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతారు, రంగు బెల్టులు తొందరగానే మారతాయి, ఏడాది అటూఇటూగా ఒకటో పూమ్ వచ్చేస్తుంది. అక్కడ బ్లాక్ బెల్ట్ అంటే అక్షరాలు దిద్దడం అయిపోయింది, ఇంక చదవచ్చు అని. మన దగ్గర దాన్ని పట్టా లాగా చూస్తాం, పెళ్ళి బయోడేటాలో కూడా రాస్తాం.

కొరియా మరీ దూరం కూడా కాదిప్పుడు. పాత అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, హైవే మీద కొరియన్ అక్షరాల బోర్డులు, కొరియన్ భోజనం హోటళ్ళు వచ్చాయి. తైక్వాండో పిల్లలు బస్సులో పోతూ ఆ బోర్డులు చూసి "హనా, దుల్" అని అరవడం మామూలే. బోర్డుల మీద ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు.

చివరగా, క్లాసులు ఖాళీ అయ్యేది రెడ్ బెల్ట్ దగ్గర. బ్లాక్‌కి ఒక్క మెట్టు కింద ఆగిపోవడం చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది గానీ కారణం కాళ్ళల్లో లేదు, క్యాలెండర్లో ఉంది. ఎనిమిదేళ్ళకి చేరిన పిల్లోడు టెస్టులు మధ్యమధ్యలో మానుతూ వస్తే తొమ్మిది, పది క్లాసులకి రెడ్ అవుతాడు, అప్పుడే పదో తరగతి, ఆ వెంటనే ఇంటర్ హాస్టల్. తెల్లవారుజామున స్టడీ అవర్స్ పెట్టే కాలేజీలో ఆప్ చాగీకి, అంటే ముందుకి తన్నే కిక్‌కి, టైం ఎక్కడ. రెడ్ బెల్ట్ మేకుకి వేలాడుతూ ఉండిపోతుంది. కొందరు ఇంజినీరింగ్ అయ్యి, బెంగళూరులో ఉద్యోగం వచ్చాక సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పాత క్లాసుకి పోతారు, మాస్టర్ ఏమీ అడగడు, లైన్లో రెడ్ బెల్టుల చోటు చూపిస్తాడు. బీరువాలోంచి తీసిన ఆ పాత బెల్ట్ నడుముకి రెండు చుట్లు తిప్పేసరికి ముడి వెయ్యడానికి కొసలు మిగలవు, ఇట్లా ఒకడు నిలబడి లాక్కుంటుంటే పక్కనున్న గ్రీన్ బెల్ట్ పిల్ల "అన్నా, ఉండు" అని లోపలికి పరిగెత్తి సామాన్ల పెట్టెలోంచి ఇంకో రెడ్ బెల్ట్, పెద్ద సైజుది, వెతికి తెచ్చింది.